పొగ ఎటు పోతుందో చూసే మనిషి

పోయిన వారం మధ్యాహ్నం పూట ఒకామె బట్టల మూట పట్టుకొని మా ఇంటికి వచ్చింది. నేను ముందు గదిలో మిషన్ మీద కూర్చొని జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగి, గోడల వైపు ఒకసారి, పైకప్పు వైపు ఒకసారి చూసింది.

"సిద్దిపేటల బట్టలు కుట్టే చెల్లె నువ్వేనా?"

"నేనే అక్కా. లోపటికి రా, కూసో."

"గజ్వేల్ నుంచి వచ్చిన. గివి మా ఆయన అంగీలు. మందికియ్య బుద్ధైతలేదు. బొంత కుట్టియ్యి, కప్పుకుంట."

మూట విప్పాను. ఏడు చొక్కాలు. అన్నీ పొడుగు చేతులవే, అన్నీ లేత రంగులే. కుట్టుపని చేసేవాళ్ళకు పాత బట్ట చేతికి రాగానే తొడుక్కున్న మనిషి కొంత కనిపిస్తాడు. మెడపట్టీ అరిగిందా, మోచేయి అరిగిందా, ఏ జేబు సాగింది అని చూస్తాం. ఈ చొక్కాలన్నిటికీ ఎడమ జేబు సాగి ఉంది. జేబు అడుగున సన్నటి గోధుమరంగు పొడి. ప్రతి జేబుకూ పెసరగింజంత కాలిన చిల్లులు ఒకటో రెండో ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకొని చూడాల్సిన పని లేకపోయింది. అగరుబత్తుల వాసన గదంతా లేచింది.

"అన్న పోయిండా?" అన్నాను.

"నెల దాటింది చెల్లె."

ఆయన పేరు ఇక్కడ రాయను. తన షెడ్డుకు బోర్డు కూడా పెట్టుకోని మనిషి. గజ్వేల్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు నిలబెట్టిన తెల్లటి గోడ ముక్కలు, అదే గుర్తు. రెండు రేకుల మధ్య గట్టి నురుగు నింపి చేసిన ఆ ముక్కలను ఆయన పలకలు అనేవాడు. పలకకు పలక తగిలించి పది పన్నెండు రోజుల్లో ఇల్లు నిలబెట్టేవాడు. ఊళ్ళో వాళ్ళు డబ్బా ఇళ్ళు అనేవాళ్ళు. ఆయనకు కోపం వచ్చేది కాదు. "డబ్బానే. కని మూత నా చేతిల ఉంటది," అనేవాడు.

ఆయన ఎక్కడికి పోయినా జేబులో నాలుగు అగరుబత్తులు, అగ్గిపెట్టె ఉండేవి. కొత్తగా చూసినవాళ్ళు దైవభక్తి ఎక్కువనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. ఏ గదిలోకి వచ్చినా ముందు ఒకటి వెలిగించి, గోడ అతుకుల వెంట, కిటికీ చుట్టూ, తలుపు కింద మెల్లగా తిప్పుతూ పొగ ఎటు వంగుతుందో చూసేవాడు. వంగకూడని చోట వంగితే అక్కడ వేలితో గీత గీసి పనివాళ్ళను పిలిచేవాడు. అది చిరాకు మాత్రమే. ఎక్కడా వంగకుండా నిట్టనిలువుగా పోతే మాత్రం ఆయన ముఖం మారిపోయేది. తలుపు తెరిచేవాడు. అప్పుడే మాట్లాడేవాడు. ఎవరి ఇంట్లోనైనా గుమ్మానికి దగ్గరగా కూర్చునేవాడు. ఎంత మర్యాద చేసినా లోపలి కుర్చీలోకి వచ్చేవాడు కాదు. పలకరింపు కూడా బాగున్నారా అని కాదు. "గాలి ఆడుతుందా?" అని.

నేను పదో తరగతితో చదువు ఆపిన మనిషిని. కానీ సిద్దిపేట గ్రంథాలయంలో నేను తెరవని అలమారా లేదు. వ్యవసాయం, వైద్యం, నక్షత్రాలు, ఇంజనీరింగు, ఏది చేతికి వస్తే అది చదివాను. ఇంగ్లీషు పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకొని రోజుకు రెండు పేజీలు. కొలతలు రాసుకునే పుస్తకానికి వెనక వైపు నుంచి చదివినవి రాసుకునేదాన్ని. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు పిల్లల చదువుల గురించి, మందుల గురించి నన్ను అడిగి పోయేవాళ్ళు. అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే చేయి కొంచెం ఆగుతోంది.

నాలుగేళ్ళ కింద వానలకు మా పెంకుటింటి గోడ కూలింది. బిడ్డ మొదటి కాన్పుకు మా ఇంటికి రావాలి. అప్పటికి దానికి అయిదో నెల. ఇటుక గోడ లేపి, ఆరి, గిలాబు పూత అయ్యేసరికి పిల్ల పుట్టి పాకుతుంటుంది. డబ్బా ఇల్లు త్వరగా అవుతుందని మా ఆయనే ఎక్కడో విని వచ్చాడు. ఆయనకు గజ్వేల్ కూరగాయల మార్కెట్లో పని. పొద్దున పోతే పొద్దుగూకే వేళకు గాని రాడు. అందుకే ఇల్లు కట్టించే పని నా మీద పడింది.

మా అత్త ఒప్పుకోలేదు.

"రేకు డబ్బాల పిల్లను కంటరే? కోళ్ళఫారం నయం. గాలొస్తే లేచిపోయి కొమురవెల్లి గుట్టల మీద పడతది."

పైకి నవ్వాను గాని ఆ భయం నాకూ ఉంది. షెడ్డు ఆయనను మొదటిసారి కలిసినప్పుడు అదే అడిగాను. "గాలొస్తే లేస్తదా అన్నా?"

ఆయన నవ్వలేదు. భయం లేదని కూడా అనలేదు. "నాకు గూడ గా భయమే చెల్లె. గందుకే కింద కాంక్రీటుల ఇనుప కొక్కేలు ఏస్త. భయపడనోడు ఇల్లు కట్టొద్దు," అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది.

ఇంటి నమూనా కాగితం మీద గీసేవాడు కాదు. టీవీ డబ్బాల్లో వచ్చే థర్మాకోల్‌ను చిన్న చిన్న ముక్కలుగా కోసి సంచిలో వేసుకొని మా జాగకు వచ్చాడు. ఖాళీ నేల మీద చాప పరిచి, ముక్కలు నా ముందు పోశాడు.

"పేర్చు చెల్లె. నీ ఇల్లు నువ్వే పేర్చు. తప్పైతే నేను చెప్త."

నేను పేరుస్తుంటే ఆయన అడిగే ప్రశ్నలు వింతగా ఉండేవి. ముసలమ్మ ఏ వైపుకు ఒరిగి పడుకుంటుంది. మిషన్ మీద పొద్దున ఎక్కువ కుడతావా, సాయంత్రమా. మిరపకాయలు ఎక్కడ ఎండబెడతారు. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా. బాలింత మంచం ఎక్కడ వేస్తారు.

"గదెందుకు నీకు?" అని మా అత్త అడిగింది.

"మంచం ఏడుంటదో తెల్వకుంటే గోడ ఏడ పెట్టాలె పెద్దమ్మా?"

"గోడ పెట్టినంక మంచం ఏస్తరు గని, మంచం చూసి గోడ పెడతరా?"

"నేను గంతే."

ఒక కట్టె నేలలో పాతి, దాని నీడ పడిన చోటల్లా గంటకో రాయి పెట్టించాడు. ఆ రాళ్ళను బట్టి కిటికీల మీద చూరు ఎంత బయటికి రావాలో తేల్చాడు. ఎండాకాలం ఎండ గదిలోకి రాకుండా, చలికాలం ఎండ మిషన్ దాకా వచ్చేట్టు. పైకప్పు మీద జానెడు ఎత్తులో ఇంకో రేకు కప్పు వేశాడు. రెంటి మధ్య గాలి ఆడితే ఇల్లు వేడెక్కదని. "ఈ ఇంట్ల కూలర్ కొనకు. కొన్నవంటే నేను ఓడిపోయినట్టే," అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. నాలుగు ఎండాకాలాలు వెళ్ళాయి, మేం కూలర్ కొనలేదు. రేపు ఇంకో గది కావాలంటే చివరి పలక విప్పి, ఇంకొన్ని తగిలిస్తే చాలన్నాడు.

ఆయనతో నాకు రెండు విషయాల్లో పడలేదు.

మొదటిది ఆ పలకలను విప్పే చెవి, అంటే తాళంచెవి. పలకను పలకతో పట్టి ఉంచే కొక్కేలు గోడ లోపల ఉంటాయి. చిన్న చిల్లులో వంకర చెవి పెట్టి తిప్పితే బిగుసుకుంటాయి, వెనక్కి తిప్పితే విడిపోతాయి. అందరూ ఆ చిల్లులను ఇంటి లోపలి వైపు మాత్రమే పెడతారట. ఈయన మాత్రం ప్రతి గదికీ ఒక పలకను బయటి నుంచి విప్పేట్టు పెట్టేవాడు. ఆ చెవి ఎప్పుడూ ఆయన ప్యాంటు కుడి జేబులో ఉండేది.

"దొంగలకు గోడ తెరిచి పెట్టినట్టున్నది అన్నా," అన్నాను.

"దొంగ తలుపు చూస్తడు, కిటికీ చూస్తడు. గోడ తెరుసుకుంటదని ఏ దొంగకు ఎరుక?"

"నాకైతే భయమైతుంది."

"గా భయం మంచిదే. లోపట చిక్కుకుంటే తెల్వాలె భయం." ఇంకేదో చెప్పబోయి ఆగాడు. తర్వాత నేల వైపు చూస్తూ రెండు ముక్కలు చెప్పాడు. చిన్నతనంలో దూరపు పట్నంలో కోల్డ్ స్టోరేజి గదులు కట్టే పనికి పోయాడట. "లోపటి నుంచి తీసేటట్టు గొళ్ళెం పెట్టలే గప్పుడు. నాతోటి పనోడు లోపటున్నడని ఎవరం చూసుకోలే." అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

రెండోది గదికో కన్నం. తలుపు కింద రెండు వేళ్ళ సందు, ఎదురు గోడలో పైన అరచేయంత కన్నం, బయట జాలీ. దానికి మూత లేదు. మూత పెట్టమన్నా పెట్టడు. ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే గ్రంథాలయంలో, తక్కువ కరెంటుతో నడిచే ఇళ్ళ గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాను. ఇంట్లో వేడిగాని చల్లదనంగాని ఎక్కువగా పోయేది సందుల్లోంచే, సందు లేకుండా మూస్తే సగం పని అయినట్టే అని అందులో బొమ్మలు వేసి మరీ చూపారు. నేను రాసుకున్న పేజీ తీసి ఆయనకు చదివి వినిపించాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. చదువుకున్నవాళ్ళ మాట విన్నట్టే విన్నాడు.

"పుస్తకం మొత్తం చదివినవా చెల్లె?"

"సగం అయింది."

"మిగిలిన సగం చదివి చెప్పు. గప్పుడు మూస్త."

నాకు చాలా కష్టంగా అనిపించింది. పలకలు మోసే మనిషి నా చదువును కొలుస్తున్నాడనుకున్నాను. మరుసటి వారం ఆ పుస్తకం తిరిగి ఇచ్చేశాను. మిగిలిన సగం చదవలేదు.

ఇల్లు పన్నెండో రోజుకు నిలబడింది. చలికాలం మొదట్లో బిడ్డకు సర్కారు దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. అయిదో రోజు ఇంటికి తెచ్చాం. మా అత్త గదంతా తిరిగి చూసి, పైన కన్నం కింద ఆగింది.

"గా కన్నంలకెల్లి సల్లగాలి బాలింత నెత్తి మీదనే పడుతుంది. గాలి సోకితే జన్మంతా నొప్పులే. మూయి దాన్ని."

నాకు లోపల సంతోషమే వేసింది. మా అత్త మాట, నా పుస్తకం మాట కలవడం అదే మొదటిసారి. గుడ్డ కుక్కితే చూడ్డానికి బాగుండదని కొలత తీసుకున్నాను. మిగిలిన తెల్ల కాటన్ ముక్కతో గుండ్రటి చిన్న దిండు కుట్టాను. దూది గట్టిగా నింపి, అంచుకు నీలం దారంతో రెండు వరుసల కుట్టు వేశాను. కన్నంలో పెడితే మూతలా పట్టింది. తలుపు కింద సందుకు పాత చీర నాలుగు మడతలు వేసి పెట్టాను. అరచేయి అడ్డం పెట్టి చూశాను. ఎక్కడా గాలి లేదు. ఇన్నేళ్ళలో నేను అంత చక్కగా కుట్టిన వస్తువు ఇంకోటి లేదేమో.

పురుడైన పన్నెండో రోజు. పొద్దెక్కాక తల్లికీ పిల్లకూ నీళ్ళు పోశాం. సాంబ్రాణి పొగ వేశాం. బొగ్గుల కుంపటి రాజేసి మంచం పక్కన పెట్టాను. బిడ్డ చెవుల్లో దూది పెట్టుకొని, వచ్చేపోయేవాళ్ళు తలుపు తీయకుండా లోపల గొళ్ళెం వేసుకుంది. అత్త బయట ఎండలో చాప మీద కూర్చొని ఎల్లిపాయలు ఒలుస్తోంది. నేను ముందు గదిలో మిషన్ మీద ఉన్నాను.

ఆయన ఆ వేళకు వచ్చాడు. చలి మొదలయ్యాక, కట్టిన ప్రతి ఇంటికీ ఒకసారి పోయి చూడడం ఆయన అలవాటని తర్వాత తెలిసింది. జనం తలుపులు మూసుకునే కాలం అదే కదా.

"గాలి ఆడుతుందా చెల్లె?" గుమ్మంలోనే ఆగి అడిగాడు.

"ఆడుతుందన్నా, కూసో. చాయ్ పెడత."

"లోపట ఎవరున్నరు?"

"బిడ్డ, మనుమరాలు. పండుకున్నరు."

నవ్వాడు. పిల్లను తర్వాత చూస్తానన్నాడు. అలవాటు ప్రకారం అగరుబత్తి వెలిగించి, ముందు గది కిటికీ దగ్గర చూసి, లోపలి తలుపు దగ్గరికి పోయి వంగి కింద పెట్టాడు. గది పీలుస్తుంటే పొగ సందులోకి పోవాలి. పోలేదు. నిట్టనిలువుగా లేచింది, తలుపు రేకు మీదుగా పైదాకా ఒక గీతలా.

"గీ చీర ఎవరు పెట్టిన్రు?"

"నేనే అన్నా. చలి..."

"పైన కన్నం?"

"గదీ మూసిన..."

"లోపట నిప్పున్నదా?"

"కుంపటి ఉన్నది. ఇప్పుడే..." అన్నాను. ఇప్పుడే కాదు. పెట్టి గంట దాటింది. ఆ సంగతి నా నోట్లో మాట ఉండగానే నాకు తెలిసింది.

ఆయన చేతిలోని అగరుబత్తి కింద పడింది. రెండు చేతులతో తలుపు బాదాడు. "బిడ్డా, లే. తలుపు తియ్యి. బిడ్డా." నేను పేరు పెట్టి పిలిచాను. లోపలి నుంచి ఒక మూలుగు వినిపించింది, ఊ అన్నట్టు. లేచిన చప్పుడు లేదు. పిల్ల ఏడుపు లేదు. తలుపు బయటికి తెరుచుకునేది, తన్నితే లాభం లేదు. నేను బయటికి ఉరికి ఇంటి వెనక కిటికీ దగ్గర రాయి తీసుకున్నాను.

"అద్దం పగలగొట్టకు," అన్నాడు వెనక నుంచి. "మంచం కిటికీ కిందనే గదా. పిల్ల మీద పడతది."

మంచం ఎక్కడుందో ఆయనకు గుర్తుంది. నాకు ఆ క్షణంలో గుర్తు లేదు.

పక్క గోడ దగ్గరికి పోయి కుడి జేబులో చేయి పెట్టాడు. చెవి ఉంది. మొదటి చిల్లులో చెవి పట్టడానికే మూడుసార్లు తప్పింది. "దొరుకుతలేదు, దొరుకుతలేదు," అని తనలో తను అనుకుంటున్నాడు. చిన్నపిల్లవాడి గొంతులా ఉంది అది. మొదటి కొక్కెం విడింది. రెండోది విడింది. మూడోది కదలలేదు. నేను నా రెండు చేతులూ ఆయన చేతుల మీద వేసి తిప్పాను. లోపల టక్కుమని వినిపించింది. గోర్లు పట్టించి ఇద్దరం పలకను లాగాం. నా ఇంటి గోడ మనిషంత వెడల్పున తెరుచుకుంది.

వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. వాసన ఏమీ లేదు. అదే ఇప్పటికీ నన్ను వణికిస్తుంది. పొగ లేదు, వాసన లేదు. సాంబ్రాణి కొంచెం, అంతే. పిల్ల తల్లి పక్కన పడుకొని ఉంది. చూస్తే నిద్రపోతున్నట్టే ఉంది. నేను తీసి ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. ఆయన నా బిడ్డను రెండు చంకల కింద పట్టి బయటికి లాగి ఎండలో కూర్చోబెట్టాడు. అది నేల మీదనే కక్కుకుంది. మా అత్త ఎల్లిపాయల చాట కిందపడేసి వచ్చి, ఏమైందో తెలియక, తెరుచుకున్న గోడను చూస్తూ నిలబడింది.

నేను పిల్ల అరికాళ్ళు రుద్దుతున్నాను. చల్లగాలి ఆ ముఖం మీద పడుతోంది. ఏ గాలి పడకూడదని దిండు కుట్టానో ఆ గాలి. పడనీ, ఇంకా పడనీ అనుకుంటున్నాను. ఎంతసేపో తెలియదు. పిల్ల పెదవి వంకర పోయింది. తర్వాత సన్నగా ఏడ్చింది.

ఆటోలో దవాఖానకు పోయాం. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు కుంపటి సంగతి విని, బొగ్గుల విషగాలి పట్టిందని చెప్పి, "తలుపు ఎవరు తెరిచిన్రమ్మా?" అని అడిగాడు.

"తలుపు కాదు సారూ. గోడ తెరిచిన్రు."

డాక్టరుకు అర్థం కాలేదు.

రెండు రోజులు అక్కడ ఉంచుకొని పంపారు. ఇంటికి వచ్చేసరికి పలక యథాప్రకారం బిగించి ఉంది. ఆయన మా అత్త పక్కన గుమ్మం దగ్గర కూర్చొని ఉన్నాడు. ఆయన చేతిలో నా దిండు ఉంది. తిడతాడని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచు మీద వేలితో రాసి, "మంచిగ కుట్టినవ్ చెల్లె. నేను బిగించినా గింత మంచిగ పట్టదు," అన్నాడు. వెక్కిరింపు కాదు. పనివాడు పనిని చూసి చెప్పిన మాట. ఆ మాటకు నాకు వచ్చినంత భయం ఇంకే మాటకూ రాలేదు.

"తప్పు నాది," అన్నాడు తర్వాత. "కన్నం ఉంచు అన్న గని, ఎందుకో చెప్పలే. చెప్పాలంటే గా పనోని సంగతి చెప్పాలె. గది నోటికి రాదు."

"మిగిలిన సగం నేను చదవలేదన్నా," అన్నాను.

ఆయన తల ఊపాడు. దిండు ఎడమ జేబులో పెట్టుకొని పోయాడు. పారేస్తాడనుకున్నాను.

తర్వాతి వారం గ్రంథాలయానికి పోయి ఆ లావు పుస్తకం మళ్ళీ తీశాను. నేను పెట్టిన దారప్పోగు ఇంకా అదే పేజీలో ఉంది. పేజీ తిప్పాను. తర్వాతి అధ్యాయం గాలి మార్పిడి గురించే. ఇల్లు ఎంత బిగుతుగా కడితే గాలికి అంత జాగ్రత్తగా దారి ఉంచాలని, మూసిన గదిలో నిప్పు పెట్టకూడదని మొదటి పేరాలోనే ఉంది. ఒక్క పేజీ. నిలబడే చదివాను. ఇప్పటికీ పుస్తకాలు చదువుతాను. సగం చదివిన దాని గురించి మాత్రం ఎవరికీ చెప్పను.

ఆ తర్వాత ఆయన ఏటా చలికాలం వచ్చాడు. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకొని, దాని చేతికి అగరుబత్తి ఇచ్చి, పొగ ఎటు పోతుందో చూపించమనేవాడు. ఆ రోజు గురించి ఒక్క మాట ఎత్తలేదు. నాకు మాత్రం ఒక దిగులు ఉండేది. ఇన్ని ఇళ్ళకు తిరిగే మనిషి, ఎక్కడో ఒకచోట చెబుతాడు. సిద్దిపేటలో చదువుకున్న దర్జీ ఆమె సొంత మనుమరాలిని ఇలా చేసిందని. చెబితే అది అబద్ధం కూడా కాదు.

గజ్వేల్ నుంచి వచ్చిన అక్క నా మిషన్ పక్కన కూర్చొని ఇవన్నీ తెలియకుండా తన దుఃఖం తాను చెప్పుకుంటోంది. ఆయనకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. హైదరాబాదు దవాఖానలో పెట్టారట. "కిటికీ తెరువుమంటడు. ఒక్కటే మాట. గాజు కిటికీ చెల్లె, తెరుసుకోదు. గా సిస్టర్‌ను పిలిచి గీ గోడకు చెవి ఏడున్నదని అడిగిండు. పిచ్చి మాటలనుకున్నరు."

నేను చొక్కా మడత పెడుతున్నట్టు తల వంచుకున్నాను.

"ఇంకోటున్నది," అంటూ ఆమె సంచిలో చేయి పెట్టి తీసింది. గుండ్రటి చిన్న దిండు. తెలుపు పోయి గోధుమరంగుకు తిరిగింది. అంచున నీలం దారం రెండు వరుసలు. "గిది ఎప్పుడూ జేబులనే ఉంటుండె. ఇల్లు కట్టిచ్చుకోను వచ్చినోళ్ళందరికి ముందుగాల గిదే చూపిచ్చేటోడు. గసొంటి దాంతోని కన్నం మూస్తే ఇద్దరి పాణాలు పోతుండె అని చెప్పేటోడు. ఎవరు కుట్టిన్రయ్యా అని నేనెన్నోసార్లు అడిగిన. 'పిల్లంటే పాణం బెట్టే మనిషి కుట్టింది' అనేటోడు. పేరు చెప్పకపోయేది. దీన్ని గూడ బొంతల్నే కలిపి కుట్టు."

దిండు నా చేతిలో పెట్టింది. దూది గట్టిపడి రాయిలా ఉంది. అగరుబత్తి పొడి కుట్ల మధ్యలోకి పోయి ఉంది. మిషన్ మీద ఉన్న జాకెట్టు చేతి అంచుకూ అదే రెండు వరుసల కుట్టు. ఆమె అది చూసిందో లేదో నాకు తెలియదు. కుట్టేసి, బొంత లోపలి పొరలో పెట్టి మూసేస్తే ఇక ఎవరికీ కనబడదు.

"నేనే కుట్టిన అక్కా," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత నా వెనక లోపలి గది వైపు చూసింది. అక్కడ నా మనుమరాలు మధ్యాహ్నం నిద్రలో ఉంది. అంతకు రెండు రోజుల ముందే తల్లితో వచ్చింది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"ఇప్పుడు గాలి ఆడుతుందా?"

ఆడుతుందని చెప్పవచ్చు. ఆ రోజూ అదే చెప్పాను. మిషన్ సొరుగులోంచి అగరుబత్తి తీసి వెలిగించాను. ఇద్దరం చప్పుడు కాకుండా గదిలోకి పోయాం. పిల్ల బోర్లా పడుకొని ఉంది. స్టూలు ఎక్కి, పైన కన్నం దగ్గర అగరుబత్తి పట్టుకున్నాను. పొగ నిట్టనిలువుగా లేచింది. కదలలేదు. కింద ఆమె ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. పొగ ఇంకా నిలువుగానే ఉంది.

తర్వాత మెల్లగా వంగి, జాలీలోంచి బయటికి పోయింది.

పుల్ల అంతా కాలి, వేలికి సెగ తగిలే దాకా నేను స్టూలు దిగలేదు.